సముద్రపు గాలిలో మందార పువ్వు

ప్రశ్న: నేను విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. మా ఫ్లాటులో తూర్పువైపు బాల్కనీకి అద్దాలు బిగించుకుని, బొమ్మలు వేసుకునే గదిగా మార్చుకున్నాను. వీడియోలు చూసి నీటిరంగులతో పూలు వేస్తున్నాను. పువ్వును ఫోన్లో ఫొటో తీసుకుని దాన్ని చూసి వేస్తాను, తెల్లపూలు ఇంకా మొదలుపెట్టలేదు. అందులో చెప్పినంతసేపూ ఆగి రెండో రంగు వేసినా రేకుల మధ్య కాలీఫ్లవర్ ఆకారంలో మరకలు పడుతున్నాయి. మందారం వేస్తే ఎరుపు మురికిగా తేలుతోంది. కిందటేడు కొన్న ఖరీదైన కాగితం ఈ వానాకాలంలో రంగును అద్దుడు కాగితంలా పీల్చేసింది. మావారు గదికి ఏసీ పెట్టిద్దామంటున్నారు. మా అమ్మాయి విదేశీ రంగుల పెట్టె పంపిస్తానంటోంది. ఈ వయసులో నాకిక చెయ్యి తిరగదేమోనని అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: టీచరుగారూ, ఉత్తరంతో పాటు మీరు పంపిన మూడు బొమ్మల ఫొటోలను పెద్దవి చేసి చూశాను. మీ గీత నిలకడగా ఉంది. రేకు అంచు ఎక్కడ వంగిందో, ఎక్కడ వెనక్కి మడత పడిందో మీ కన్ను సరిగ్గానే పట్టుకుంది. కాబట్టి చెయ్యి తిరగదన్న దిగులును ముందు వదిలెయ్యండి. మీరు చెప్పిన ఇబ్బందుల్లో రెండింటికి మన ఊరి గాలిలోని తేమే కారణం, మూడోదానిలో కూడా దానికి కొంత భాగం ఉంది. మీరు చూస్తున్న వీడియోల్లో చాలావాటిని చలిదేశాల్లో, గదులు వెచ్చబెట్టుకోవడం వల్ల గాలి పొడిబారి ఉండే ఇళ్ళలో తీస్తారు. అక్కడివాళ్ళు రెండు నిమిషాలు ఆగమంటే ఆ మాట వాళ్ళ గదికి నిజమే. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మీ బాల్కనీలో, అందులోనూ ఆగస్టు నెలలో, ఆ లెక్క కుదరదు.

ముందు మరక సంగతి చూద్దాం. కాగితం మీద రంగు ఆరుతున్న సమయంలో, అక్కడున్న తడి కంటే ఎక్కువ నీళ్ళున్న కుంచెను తాకిస్తే, ఆ కొత్త నీరు చుట్టూ పరుచుకుంటూ, అప్పటికే ఉన్న రంగు రేణువులను ముందుకు నెట్టుకుపోతుంది. నీటి పరుగు ఎక్కడ ఆగితే అక్కడ రేణువులు గట్టుకట్టి, ముదురు అంచుతో మరక మిగిలిపోతుంది. ఇది ఏ నిమిషాన జరుగుతుందన్నది గడియారం చెప్పలేదు, కాగితమే చెబుతుంది. కిటికీ వెలుతురు కాగితం మీద పడుతుండగా తల కొద్దిగా వంచి, ఏటవాలుగా చూడడం అలవాటు చేసుకోండి. మొదట కాగితం అద్దంలా మెరుస్తుంది, అప్పుడు వేసిన రంగు ఎటు పడితే అటు పారుతుంది. కొంతసేపటికి ఆ మెరుపు తగ్గి, పట్టుచీర మీది నిగారింపులా మిగులుతుంది. రెండో రంగు వెయ్యవలసిన అదను అదే. అప్పుడు కూడా కుంచెను ఒకసారి గుడ్డకు అద్ది, నీళ్ళు తక్కువగా, రంగు చిక్కగా ఉండేట్టు చూసుకుని తాకించాలి. ఆ తరవాత మెరుపు పూర్తిగా పోతుంది. చూడడానికి ఆరినట్టే ఉంటుంది గాని, చేతి వెనక భాగాన్ని ఆనించీ ఆనించకుండా పెడితే చల్లగా తగులుతుంది, అంటే లోపల తడి ఇంకా ఉందన్నమాట. మీ మరకలన్నీ పుడుతున్నది ఈ దశలోనే. పొడి గాలిలో ఇది తొందరగా దాటిపోతుంది కాబట్టి ఆ వీడియోల్లో దీని ఊసు పెద్దగా ఉండదు. మన దగ్గర వానాకాలంలో ఇది సాగుతూనే ఉంటుంది. ఆ చల్లదనం పోయేదాకా కుంచె తాకించకండి.

మీరు లెక్కలు చెప్పినవారు కాబట్టి మీకొక పని చెబుతాను. మీరు వాడే కాగితం మీదే 2 అంగుళాల చదరాలు గీసుకుని, ఒకే కుంచెతో ఒకే రంగును ఒకే పలుచదనంతో నింపండి. అద్దపు మెరుపు ఎప్పుడు తగ్గింది, నిగారింపు ఎప్పుడు పోయింది, చల్లదనం ఎప్పుడు పోయింది అన్న మూడు సమయాలను స్టాప్‌వాచ్ పెట్టి ఆ చదరం పక్కనే రాయండి. ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 8 గంటలకు చొప్పున ఒక వారం చేసి, ఆ వారాన్ని జనవరిలో మళ్ళీ చెయ్యండి. నేను లాసన్స్ బే కాలనీలో అద్దెకున్న రోజుల్లో ఇలాగే ఒక పుస్తకం రాసుకున్నాను. ఆగస్టు మధ్యాహ్నం ఒక చదరం ఆరడానికి పట్టిన సమయం, జనవరి ఉదయం పట్టినదానికి రెండింతలు దాటింది. ఆ పుస్తకం తయారయ్యాక నాకు ఇంకెవరి నిమిషాలతోనూ పని లేకపోయింది.

సీలింగ్ ఫ్యాను కాగితాన్ని ఒకవైపు ఆరబెట్టి, ఇంకోవైపు తడి వదిలేస్తుంది. అందుకే తడి మీద తడి వేసే ఆ నాలుగైదు నిమిషాలూ దాన్ని ఆపెయ్యండి. ఉక్క భరించలేకపోతే టేబుల్ ఫ్యానును కింద పెట్టి, గాలి పాదాలకు తగిలేట్టు తిప్పుకోండి. హెయిర్ డ్రయ్యరు వాడవచ్చు, కాని మెరుపు పోయిన తరవాతే, అడుగు దూరం నుంచే వాడాలి. మెరుపు ఉండగా వాడితే గాలి రంగును తోసుకుపోతుంది. ఇక ఏసీ విషయం: అది గదిలో తేమ తగ్గిస్తుందన్నది నిజమే. అయితే ఒకరోజు ఏసీలో, మరొకరోజు కిటికీలు తీసిపెట్టి వేస్తే కాగితం రెండు రోజులూ రెండు రకాలుగా నడుచుకుంటుంది, మీ చేతికి ఏ అలవాటూ కుదరదు. కేవలం బొమ్మల కోసమే అయితే ఏసీ అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ డబ్బులో చిన్న భాగం కాగితం భద్రపరచడానికి ఖర్చుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

కాగితం ఎందుకు పాడైందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. నీటిరంగుల కాగితానికి తయారీలోనే జెలటిన్ లాంటి పదార్థంతో పూత పెడతారు. గంజి పెట్టిన నేతచీర మీద నీటి చుక్క కాసేపు నిలిచినట్టు, ఆ పూత ఉన్న కాగితం మీద రంగు పైపైన నిలిచి, కదలడానికి, తుడవడానికి వ్యవధినిస్తుంది. మన తేమలో నెలల తరబడి విప్పి ఉంచిన కాగితంలో ఆ పూత చచ్చిపోతుంది. అప్పుడు పడిన చుక్క పడినచోటే ఇంకిపోతుంది, పలచగా పరిచిన రంగు (వాష్) నిండా చీమ తలకాయంత చుక్కలు తేలతాయి. ఇక కుంచెతో ఎంత నిమిరినా అంచు మెత్తబడదు. కొనేముందూ, బొమ్మ మొదలుపెట్టే ముందూ కాగితం మూల మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. బాగున్న కాగితం మీద చుక్క ముత్యంలా కాసేపు నిలబడుతుంది. ఒకసారి నేను ఈ పరీక్ష చెయ్యకుండా, ధర తగ్గించారు కదా అని ఒక దుకాణంలో పది షీట్లు తెచ్చుకున్నాను. అవి ఎన్ని వానాకాలాలు అక్కడ పడి ఉన్నాయో గాని, ఒక్కటి కూడా పూర్తి బొమ్మకు పనికిరాలేదు.

అందువల్ల మన ఊళ్ళో కాగితం ఎప్పుడూ కొద్దికొద్దిగానే కొనుక్కోవాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) బరువుతో, నూటికి నూరుపాళ్ళు దూదితో చేసిన కోల్డ్ ప్రెస్ కాగితం, అంటే కొద్దిగా గరుకుగా ఉండే కాగితం తీసుకోండి. 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉన్న ఒక్క షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 11 అంగుళాలు, 7.5 అంగుళాలు వస్తుంది. ఒక మందారానికి ఆ ముక్క సరిగ్గా సరిపోతుంది. అభ్యాసానికి వెనకవైపు కూడా వాడుకోవచ్చు కాబట్టి ఖర్చు అనుకున్నంత కాదు. ముక్కలను జిప్ కవరులో పెట్టి, రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, గాలి పోని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. ఆ డబ్బాను బయటి గోడకు ఆనించి పెట్టకండి, వానాకాలంలో ఆ గోడే ముందు చెమ్మగిల్లుతుంది. కాగితాన్ని బోర్డుకు బిగించే ఇనప క్లిప్పులు కూడా తీసేసి మాస్కింగ్ టేపు వాడండి. ఉప్పుగాలికి ఆ క్లిప్పులు తుప్పుపట్టి, కాగితం అంచున గోధుమరంగు ముద్ర వేస్తాయి. ఆ ముద్ర పోదు.

రంగుల పలక గురించి ఒక్కమాట. పని అవగానే మూత పెట్టకండి. గుంటల్లో తడి ఉండగా మూసిపెడితే మూడు రోజుల్లో బూజు వస్తుంది. నీళ్ళ విషయంలో, బీచి వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కనుక, తాగడానికి వాడే ఆర్వో నీళ్ళే రంగులకూ వాడండి. రెండు గ్లాసులు పెట్టుకుని, ఒకటి కుంచె కడగడానికి, ఇంకొకటి శుభ్రమైన నీళ్ళు తీసుకోవడానికి ఉంచుకోండి.

ఇప్పుడు మందారం. మన పిల్లలందరూ పువ్వు భాగాలు నేర్చుకునేది దీని మీదే. రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు, కేసరావళి, అండకోశం అంటూ బల్ల మీద పువ్వును విప్పి చూపించే ఆ పాఠం మీ స్కూల్లోనూ పక్క తరగతి నుంచి మీకు వినిపించే ఉంటుంది. బొమ్మ వేసేముందు ఆ పాఠాన్ని మీరు ఒకసారి చేసి చూడాలని నా కోరిక. ఒంటిరేకు మందారాన్ని బ్లేడుతో నిలువునా కోసి, ఎదురుగా పెట్టుకుని, పెన్సిలుతో గీయండి. 1780ల్లో మన పక్కనే సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు, వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. ఆ బొమ్మల్లో కొమ్మ కింద, కోసి విప్పిన పువ్వు భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. లోపల ఏముందో ఎరిగిన చేతికి పైరేకు వంపు కూడా నమ్మకంగా వస్తుంది.

కోసి చూస్తే మీకు రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది మధ్య కాడ సంగతి. మీ బొమ్మలో పసుపు చుక్కలన్నీ కాడ కొసన గుత్తిగా ఉన్నాయి. నిజానికి కేసరాలు కాడ పైభాగమంతటా చుట్టూ పుట్టుకొస్తాయి, ఆ కాడ లోపలి నుంచి కీలం సాగి, కొసన అయిదు చిన్న మఖమలు గుండ్లుగా చీలుతుంది. ఆ అయిదు ఎర్రటి గుండ్లూ పెడితే చాలు, బొమ్మ చూసినవాళ్ళు ఇది మందారమేనని గుర్తుపడతారు. రెండోది రేకుల అమరిక. ప్రతి రేకూ ఒక అంచున పక్కరేకు మీదికి ఎక్కి, రెండో అంచున ఇంకో రేకు కిందికి దూరుతుంది, అయిదింటికీ అదే వరస. ఈ వరస తప్పితే పువ్వు తిరుగుడు పోయి, అట్ట ముక్కలు అంటించినట్టు కనబడుతుంది.

రంగు వేసేటప్పుడు తడిగా ఉన్న రెండు రేకులు పక్కపక్కన ఉండకూడదు, ఉంటే అంచు చెరిగి ఒకదానిలోకి ఒకటి పారుతుంది. అయిదు రేకులు చక్రంలా ఉన్నప్పుడు ఎన్ని విడతలు కావాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకటీ మూడూ వేసి ఆరనివ్వండి, రెండూ నాలుగూ వేసి ఆరనివ్వండి, అయిదోది చివరికి ఒంటరిగా వేయండి. వానాకాలంలో ఈ మూడు విడతలకు ఒక పూట పట్టినా తొందరపడకండి. కోసిన మందారం నీళ్ళలో పెట్టకపోయినా సాయంత్రం దాకా విచ్చుకునే ఉంటుంది, కాబట్టి పువ్వు మిమ్మల్ని తరమదు. కాని మర్నాటికి ముడుచుకుపోతుంది కనుక పెన్సిలు పనిని ఉదయమే ముగించండి.

ఫోన్లో ఫొటో తీసుకుని దాన్ని చూసి వేస్తున్నానని కూడా రాశారు. చామంతికో నందివర్ధనానికో అది కొంతవరకు నడుస్తుంది గాని, ఎర్ర మందారానికి నడవదు. ఫోను కెమెరా గాఢమైన ఎరుపును ఒక హద్దు దాటాక విడదీసి చూపించలేదు, అంతటినీ ఒకే ఎరుపుగా తేల్చేస్తుంది. రేకు మీది సన్నని ఈనెలు, ముడతల మధ్య నీడలు అందులో మాయమవుతాయి. మీ బొమ్మలో రేకులు చదునుగా కనబడడానికి అదే కారణమనుకుంటున్నాను. నిజం పువ్వును చేతిలో పట్టుకుని చూడండి: వెలుతురు పడిన ముడత మీద ఎరుపు పలచబడి, ఆకాశం ఛాయ కలిసిన చల్లని గులాబీగా కనిపిస్తుంది. వెనక నుంచి ఎండ తగిలిన రేకు నారింజ వైపు మొగ్గుతుంది. గొంతు దగ్గర వంకాయరంగుకు దగ్గరైన ముదురు ఎరుపు ఉంటుంది. ఒక్క ఎరుపు ట్యూబుతో ఈ మూడూ రావు.

మురికి ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు చెప్పవచ్చు. నీడ కోసం మీరు ఎరుపులో నలుపు కలుపుతున్నారు, ఆపైన సగం ఆరిన పొర మీద మళ్ళీమళ్ళీ కుంచె తిప్పుతున్నారు. రెండూ మానెయ్యండి. మొదటి పొరను చల్లని గులాబీ ఎరుపుతో, వెలుతురు పడిన చోట్లు పలచగా వదులుతూ వేసి, చల్లదనం పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. రెండో పొరలో వెచ్చని ఎరుపు వెయ్యండి. నీడకు ఆ గులాబీ ఎరుపులోనే కొద్దిగా అల్ట్రామెరైన్ నీలం కలిపితే చాలు. నీటిరంగు ఆరాక ఒక మెట్టు పలచబడుతుంది కనుక, తడిలో చూసినప్పుడు కాస్త ఎక్కువైందనిపించేంత చిక్కగా వేసి వదిలెయ్యండి. కుంచెను ఒక్కసారి నడిపిన చోటికి మళ్ళీ వెళ్ళకండి. ఇదే నలుపును బంతిపువ్వు పసుపులో కలిపితే పాచిరంగు వస్తుంది, అక్కడ నీడకు కాల్చిన సియెన్నా అనే మట్టి గోధుమరంగు, నారింజ వాడాలి. కేసరాల పసుపు చుక్కలను ముందే వేసి, ఆరాక మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో, అంటే రంగు అంటకుండా కాపాడి తరవాత ఊడదీసే జిగురుతో కప్పండి. దాన్ని వేసే కుంచెను సబ్బులో ముంచి వాడకపోతే ఆ కుంచె ఇక పనికిరాదు. మన తేమలో ఆ ఫ్లూయిడ్‌ను రోజు దాటి ఉంచితే కాగితం పొర లేచిపోతుంది కనుక అదేరోజు తీసెయ్యండి.

ట్యూబులు కొనేటప్పుడు పేరు చూడకండి, వెనక చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంటు (రంగు పదార్థం) సంఖ్య చూడండి. పీఆర్ 83 అని ఉన్న అలిజరిన్ క్రిమ్సన్ ఎండకు వెలిసిపోతుంది. ఒపేరా పేరుతో వచ్చే మెరిసే గులాబీ కూడా అంతే. పీవీ 19 అని ఉన్న క్వినాక్రిడోన్ గులాబీ నిలుస్తుంది. దానితో పాటు ఒక వెచ్చని ఎరుపు, నిమ్మపసుపు, ముదురు పసుపు, అల్ట్రామెరైన్, థాలో నీలం, కాల్చిన సియెన్నా ఉంటే మన పెరట్లో పూసేవన్నీ వెయ్యవచ్చు. ఆకులకు ట్యూబు ఆకుపచ్చ వద్దు. ఈ పసుపులూ నీలాలూ కలిపి చేసుకున్న పచ్చే మందారపు ఆకుకు దగ్గరగా ఉంటుంది.

మీ గది తూర్పు ముఖం కాబట్టి ఉదయం నేరుగా ఎండ పడి, తెల్లకాగితం కళ్ళు చెదరగొడుతుంది. అప్పుడు వేసిన రంగు లోపలికి తెచ్చి చూస్తే వేరేగా ఉంటుంది. పలచటి తెల్లని మల్లుగుడ్డ తెర కట్టండి. ఉత్తరపు కిటికీ ఉంటే ఎండ సమస్యే లేదని పుస్తకాలు చెబుతాయి, అది ఐరోపా మాట. మనం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం. మే రెండోవారం నుంచి జూలై ఆఖరు దాకా మనకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు కూడా నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, అందువల్ల ఉత్తరపు గదికీ ఆ నెలల్లో తెర కావాలి. రాత్రిపూట పసుపు వెలుతురిచ్చే బల్బు కింద వెయ్యకండి, ఆ వెలుతురులో కాగితం మీది పసుపు కనబడదు.

తెల్లపూలు మీరింకా మొదలుపెట్టలేదన్నారు. నందివర్ధనంతో మొదలుపెట్టండి. తెల్లరంగు అసలు ముట్టకుండా, వెనకనున్న ముదురు ఆకులను ముందు వేస్తే పువ్వు కాగితంలోంచి తానే బయటికొస్తుంది. ఆ తరవాత రేకుల మొదట్లో కొద్దిగా పసుపు కలిసిన పచ్చ, మడతల్లో నీళ్ళలాంటి బూడిదరంగు చాలు.

మీ అమ్మాయిని పెట్టె పంపవద్దనండి. పెద్ద పెట్టెల్లో సగం రంగులు మీకు అక్కరకు రావు. దాని బదులు పీవీ 19 ట్యూబు ఒకటి, మొన తేలిన 8వ నంబరు గుండ్రని కుంచె ఒకటి, దూది కాగితం రెండు మూడు షీట్లు పంపమనండి. మీ దగ్గర పాడైపోయిన కాగితాన్ని పారెయ్యకండి, పెన్సిలు బొమ్మలకూ, గువాష్ అనే చిక్కని, అడుగు కనబడని నీటిరంగులకూ అది బాగానే పనికొస్తుంది. కోసిన మందారాన్ని దాని మీదే గీయండి. కొత్త కాగితం వచ్చాక ఈ పద్ధతిలో ఒక మందారం వేసి, వానలు వెళ్ళాక జనవరిలో అదే చెట్టు పువ్వును మళ్ళీ వేసి, రెండు బొమ్మలనూ మీ చదరాల పుస్తకంలోని ఆ రెండు నెలల పేజీలతో కలిపి నాకు పంపండి.